పెళ్లికూతురి మొహం ఒక రంగు, చేతులు ఒక రంగు ఎందుకు కావాలి?

ఏ పెళ్లి ఆల్బమ్ అయినా తీసి, జీలకర్ర బెల్లం ఫొటో దగ్గర ఆగండి. పెళ్లికొడుకు నడినెత్తి మీద పెళ్లికూతురి చెయ్యి ఉంటుంది. ఆ పక్కనే ఆమె మొహం. చాలా ఆల్బమ్‌లలో ఆ చెయ్యి, ఆ మొహం ఒకే మనిషివి అనిపించవు. మొహం తెల్లగా పాలిపోయి ఉంటుంది, దవడ కింద ఒక గీత కనిపిస్తుంది, అక్కణ్నుంచి మెడ వేరే రంగు. బుట్టలు వేలాడే చెవులు ఇంకో రంగు. గోరింటాకు ఎర్రగా పండిన చేతులు మాత్రం చక్కటి చామనఛాయలో నిండుగా ఉంటాయి. ఆ ఫొటో మొత్తంలో ఆమె అసలు అందం చేతుల్లోనే మిగిలి ఉంటుంది.

రాజమండ్రిలో పెళ్లిళ్లకు మేకప్ చేయడం నా వృత్తి. చీర రంగు, జడ, పూలు, లిప్‌స్టిక్ ఏవైనా సరే, ఎదుటివాళ్ల మాట వింటాను. ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనైనా వాదనకు కూర్చుంటాను. ఫౌండేషన్, అంటే మొహమంతా రాసే రంగు క్రీము, ఆ మనిషి సొంత రంగులోనే ఉండాలి. పెళ్లికైనా, రిసెప్షన్‌కైనా, రోజూ ఆఫీసుకు వెళ్లడానికైనా ఇదే మాట. "ఒక్క షేడ్ ఎక్కువ వెయ్యమ్మా, ఫొటోల్లో తెల్లగా వస్తుంది" అని తల్లి అడిగినా, పిన్ని అడిగినా, పెళ్లికూతురే అడిగినా ఊరికే కాదనను, కారణాలు చెబుతాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సీసాలో ఏముందో చూడాలి. ఫౌండేషన్‌కి రంగు తెచ్చేవి ప్రధానంగా నాలుగు పొడులు. తెల్లది టైటానియం డయాక్సైడ్. పసుపు, ఎరుపు, నలుపు రంగుల్లో ఉండేవి ఐరన్ ఆక్సైడ్లు. అంటే ఇనుప గేటుకు పట్టే తుప్పు జాతివే, కాకపోతే వీటిని ఫ్యాక్టరీలో శుభ్రంగా తయారుచేస్తారు. షేడ్ అంటే ఈ నాలుగింటినీ ఏ పాళ్లలో కలిపారన్నదే. లేత షేడ్‌కి వెళ్లేకొద్దీ తెల్ల పొడి వాటా పెరుగుతుంది. ఆ తెల్ల పొడి పల్చటి పొరగా ముదురు రంగు మీద పడితే, వెలుతురులోని నీలం భాగాన్ని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి పంపిస్తుంది. అందుకే చామనఛాయ మొహం మీద రెండు షేడ్లు లేతది రాస్తే తెలుపు రాదు, బూడిద రంగు వస్తుంది. దగ్గరనుంచి చూస్తే ముక్కు పక్కన, నోటి చుట్టూ, కళ్ల కింద ఆ బూడిద ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి చర్మం మిగతా మొహం కంటే ముదురుగా ఉంటుంది.

ఇక అక్కణ్నుంచి మొదలవుతుంది అసలు నష్టం. బూడిద కనిపించకుండా ఇంకో పొర వేస్తారు. మందం పెరిగేసరికి బుగ్గల మలుపు, ముక్కు వంపు, కనుబొమల కింది నీడ అన్నీ చదునైపోతాయి. మొహానికి ప్రాణం పోయింది కాబట్టి మళ్లీ బ్రౌన్ పొడితో నీడలు గీస్తారు, గులాబీ రంగు బ్లష్ దట్టిస్తారు. మనిషికి దేవుడిచ్చిన మొహాన్ని చెరిపేసి దాని మీద ఇంకో మొహం గీయడం ఇది. అసలు షేడ్ వేసి ఉంటే ఈ పనుల్లో సగం అక్కర్లేదు.

"అక్కా, స్టేజి మీద లైట్లుంటాయి కదా, కొంచెం ఎక్కువ వేస్తేనే కనిపిస్తుంది" అంటారు కొందరు. ఆ మాట ఒకప్పుడు నిజం. వీధినాటకాల్లో మొహానికి అరదళం అనే పసుపుపచ్చ రంగు పొడి పూసుకునేవారు. కాగడాల వెలుగులో, ఎక్కడో దూరంగా చాపల మీద కూర్చున్నవాళ్లకు మొహం తెలియాలి కాబట్టి ఆ పసుపు పూతకు అర్థం ఉంది. మనం ఇప్పటికీ నోరారా పలికే పాన్‌కేక్ కూడా మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ 1930లలో టెక్నికలర్ అనే రంగుల సినిమాల కోసం తయారుచేసిందే. ఆ ఫిల్ముకు, ఆ మండే లైట్లకు తగినట్టు కుదిర్చిన సరుకు. ఇప్పుడు పెళ్లికూతురు కూర్చునేది మీకు రెండడుగుల దూరంలో. ఫొటోగ్రాఫర్ కెమెరా చర్మం మీది నూగును కూడా పట్టేస్తుంది. తాళి కట్టేటప్పుడు ఇరవై ఫోన్లు మొహం మీదకే వస్తాయి. నాటకానికి వేసే పూత ఈ దూరానికి పనికిరాదు.

ఫొటోల వాదనకు ఇంకో జవాబు ఉంది. ఫ్లాష్ పడినప్పుడు మొహం తెల్లటి మచ్చలా వెలిగిపోవడం మీరు చూసే ఉంటారు. సన్‌స్క్రీన్ కలిసిన ఫౌండేషన్లలో టైటానియం, జింక్ ఎక్కువగా ఉంటే ఫ్లాష్ వెలుతురును అవి తిప్పికొడతాయి. పైన అద్దే తెల్ల పౌడర్‌లో సిలికా ఎక్కువున్నా అంతే. మామూలు కంటికి ఏమీ కనిపించదు, ఫొటో వచ్చాక చూస్తే కళ్ల కింద పిండి చల్లినట్టుంటుంది. లేత షేడ్ వేసినవాళ్లకు ఇది రెండింతలు. అందుకే పెళ్లికి ముందు ఒకసారి మేకప్ వేసి చూసే ట్రయల్ రోజున ఫ్లాష్ వేసి ఒక ఫొటో, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసి చూడాలి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేసి మరీ తీయండి. అది ఆన్‌లో ఉంటే ఫోనే మిమ్మల్ని తెల్లగా చేసి చూపిస్తుంది, ఇక షేడ్ సంగతి ఏం తెలుస్తుంది?

ఇంత చెప్పినా తెలుపు మీద మోజు ఊరికే పోదని నాకు తెలుసు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మన మార్కెట్లోకి వచ్చింది. మా అమ్మ తరం, నా తరం ఆ ట్యూబుతోనే పెరిగాం. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లగా ఉన్నవాళ్లను దిగులు మొహాలతో, ఎవరికీ అక్కర్లేనివాళ్లలా చూపించే ప్రకటనలు కుదరవని నియమం పెట్టింది. 2019లో సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన వద్దనుకుంటే అందరం మెచ్చుకున్నాం. 2020లో ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. ఇవన్నీ మంచి మార్పులే. కానీ అదే సాయిపల్లవిని మెచ్చుకున్న ఇంట్లోనే, మేకప్ కుర్చీలో కూతురు కూర్చోగానే "ఇంకొంచెం తెల్లగా" అనే మాట వినిపిస్తుంది. క్రీము అమ్మేవాడిని ప్రశ్నించినంత సులువుగా మన ఇంటి పెద్దమ్మను ప్రశ్నించలేకపోతున్నాం.

షేడ్లు దొరకవన్న ఇబ్బంది మాత్రం నిజమైనదే. 2017 సెప్టెంబరులో పాప్ గాయని రిహానా కంపెనీ ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగతా పెద్ద కంపెనీలూ ముదురు షేడ్లు పెంచక తప్పలేదు. అయితే షేడ్ తయారవడం వేరు, మన ఊరి ఫ్యాన్సీ షాపు అరలోకి రావడం వేరు. అక్కడ లేత షేడ్లు మూడో నాలుగో ఉంటాయి. ముదురువి అడిగితే "అవి పోవమ్మా, తెప్పించం" అంటారు. ఎందుకు పోవు? చామనఛాయ అమ్మాయికి కూడా కౌంటర్లో లేత షేడే చేతిలో పెడుతున్నారు కాబట్టి. అందుకే అడగాలి. లేకపోతే కొనకుండా వచ్చేయాలి. మేబెలిన్ ఫిట్ మీ లాంటి మామూలు ధర సీసాల్లోనే 310, 330 నంబర్లు మనలో చాలామందికి సరిపోతాయి, కానీ షాపులో ముందు చూపించేది 128, లేదంటే 220. మ్యాక్ కంపెనీ ఫౌండేషన్ కొనేవాళ్లకు ఒక మాట. వాళ్ల దగ్గర ఎన్‌సీ అంటే పసుపు, బంగారు ఛాయ ఉన్నవాళ్లకు, ఎన్‌డబ్ల్యూ అంటే గులాబీ ఛాయవాళ్లకు. మిగతా కంపెనీల లెక్కలో సీ (కూల్) అంటే గులాబీ వైపు, డబ్ల్యూ (వార్మ్) అంటే పసుపు వైపు, కాబట్టి ఇది తిరగేసి ఉంటుంది. మన వాళ్లలో ఎన్‌సీ 42 నుంచి 45 వరకు సరిపోయేవాళ్లు చాలామంది.

షేడ్ ఎలా చూసుకోవాలో కొంచెం నిదానంగా చెబుతాను, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

షాపులో అమ్మాయి మీ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క రాసి "సరిగ్గా సరిపోయింది మేడమ్" అంటుంది. మణికట్టు లోపల ఎండ తగలదు. అక్కడ అందరం రెండు షేడ్లు లేతగానే ఉంటాం. అరచేతి వెనకభాగం కూడా వద్దు, అది బండి నడిపే ఎండకు నల్లబడి ఉంటుంది. దవడ ఎముక మీద, చెవికీ గడ్డానికీ మధ్యలో, బుగ్గ మీంచి మెడ మీదకు దిగేలా మూడు షేడ్లు పక్కపక్కనే నిలువు గీతల్లా రాయండి. మీరు అనుకుంటున్న షేడ్ మధ్యలో, దానికంటే లేతది ఒకవైపు, ముదురుది ఒకవైపు. రాసిన వెంటనే నిర్ణయించుకోకండి. షాపు బయటకు రండి. ఎర్రటి ఎండలోకి కాదు, నీడపట్టున, పగటి వెలుతురులో. లోపలి తెల్ల లైట్లు ఏ షేడ్‌నైనా అందంగానే చూపిస్తాయి. ఒక పావుగంట ఆగి, ఈలోగా పక్క షాపులో జాకెట్టు లైనింగు కొనుక్కుని, అప్పుడు అద్దంలో చూసుకోండి. చర్మం మీది జిడ్డు తగిలి కొన్ని ఫౌండేషన్లు కాసేపటికి ముదురవుతాయి, నారింజ రంగుకు తిరుగుతాయి. పావుగంట తర్వాత ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తే అదే మీ షేడ్.

ఛాయ సంగతి ఇంకొకటి. ఇద్దరు అమ్మాయిలు ఒకే ముదురులో ఉన్నా, ఒకరిది పసిమి వైపు మొగ్గుతుంది, ఇంకొకరిది ఎరుపు వైపు. మన దగ్గర పసుపులో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టుండే ఛాయ ఎక్కువగా చూస్తాను. దాని మీద గులాబీ కలిసిన షేడ్ వేస్తే, ముదురు సరిపోయినా కూడా మొహం కమిలినట్టు కనిపిస్తుంది. మణికట్టు దగ్గర నరాల రంగు చూసి ఛాయ చెప్పవచ్చని ఇంటర్నెట్‌లో చదివి చాలామంది వస్తారు. తెల్ల చర్మానికి అది కొంత పనిచేస్తుందేమో గానీ, ముదురు చర్మం మీద నరాలు ఆకుపచ్చగానూ, నీలంగానూ రెండు రకాలుగా కనిపిస్తాయి. నేను తెల్లబట్టను నమ్ముతాను. మెడ కింద మధుపర్కం తెల్ల భాగం పట్టుకుని చూస్తే, తప్పు షేడ్ ఏదైనా వెంటనే బయటపడుతుంది. ఎలాగూ ముహూర్తానికి కట్టేది ఆ తెల్ల చీరే కదా.

"మెడకు సరిపోయేలా వేయండి" అని అన్ని వీడియోల్లోనూ చెబుతారు. మన దగ్గర ఆ సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుంటే కుదరదు. కొందరికి మొహం ఎండకు నల్లబడి మెడ లేతగా ఉంటుంది. ఇంకొందరికి మెడ మొహం కంటే బాగా నల్లగా, మందంగా ముడతలు పడినట్టుంటుంది. ఆ నలుపు రుద్దితే పోయే మురికి కాదు. శరీరంలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి అది ఒక గుర్తు కావచ్చు. అలాంటి అమ్మాయి కనిపిస్తే మేకప్ పక్కనపెట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమని చెబుతాను. ఈ రెండు సందర్భాల్లోనూ మెడను వదిలేసి మెడ ఎముకల కింద, ఛాతీ పైభాగంలో ఉన్న రంగు చూస్తాను. జాకెట్టులో కనిపించే రంగు అది. మొహాన్నీ మెడనూ దానికి దగ్గర చేస్తే, చేతులు, వీపు, మొహం ఒక మనిషివిగా కుదురుతాయి.

మంగు మచ్చలున్నవాళ్లు, కళ్ల కింద, నోటి చుట్టూ నలుపున్నవాళ్లు లేత షేడ్ అడగడానికి కారణం వేరు. వాళ్లకు తెల్లబడాలని ఉండదు, ఆ మచ్చ కనపడకూడదని ఉంటుంది. పాపం, లేత షేడ్ వేస్తే మచ్చ బూడిదగా మారి ఇంకా తేలుతుంది. అక్కడ చేయాల్సింది, ఫౌండేషన్ కింద మచ్చ మీద మాత్రమే నారింజ రంగు కరెక్టర్ పల్చగా అద్దడం. మచ్చలోని నీలపు నలుపును నారింజ విరుస్తుంది. చామనఛాయకు పీచు రంగు చాలు, ఇంకా ముదురు చర్మానికి నిండు నారింజ కావాలి. బియ్యపు గింజంత తీసుకుని ఉంగరం వేలితో తట్టాలి. దాని మీద సొంత షేడ్ ఫౌండేషన్ తట్టితే మచ్చ మాయమైపోతుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది. ఒక పెద్దావిడకి కూతురి పెళ్లిలో ఇలా చేసినప్పుడు, ఆవిడ అద్దం వదలకుండా బుగ్గ తడుముకుంటూనే ఉన్నారు.

రాయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. షేడ్ కుదిరితే చెయ్యి తప్పినా పెద్దగా తెలియదు. మాయిశ్చరైజర్ రాసి అది ఇంకేదాకా ఆగాలి. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో, మొహం మధ్యలోంచి బయటకు తట్టుకుంటూ పోవాలి, రుద్దకూడదు. అవసరమైన చోటే రెండో పొర. దవడ కిందకు, చెవుల మీదకు, నుదుటి మీద జుట్టు మొదళ్ల దాకా తీసుకెళ్లాలి. చెమట పడితే టిష్యూతో అద్ది తీయాలి. చెమట మీద పౌడర్ కొట్టారో, పెచ్చులు కడుతుంది. హోమం ముందు కూర్చునే అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి.

మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, అది ఏ వీడియోలోనూ ఉండదు. నలుగు పెట్టి, మంగళస్నానం చేయించాక పసుపు ఒంటికి పట్టి ఒకటి రెండు రోజులు పోదు. ట్రయల్ ముందే అయిపోయి, అప్పుడు కుదిరిన షేడ్‌నే పెళ్లి రోజు వేస్తే, పసుపు పట్టిన మెడ పక్కన మొహం గులాబీగా, తేడాగా కనిపిస్తుంది. అందుకే నేను ముహూర్తానికి రెండు సీసాలు తీసుకెళ్తాను. ఒకటి ట్రయల్లో కుదిరిన షేడ్, ఇంకొకటి దాని పక్కదే, పసిమి ఎక్కువున్నది. చేతి వెనక రెండు చుక్కలు కలిపి ఆ రోజు చర్మానికి తగ్గట్టు చేసుకుంటాను. తెల్లవారుజామున రెండు గంటల ముహూర్తానికి విడిదింట్లో ట్యూబులైటు కింద ఆ పని చేయాల్సి వస్తుంది. పగటి వెలుతురులాంటి లైటు ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లేది అందుకే.

ఇక, "అమ్మాయికే తెల్లగా కనిపించాలని ఉంటే మీకెందుకు?" అనే ప్రశ్న. చాలా న్యాయమైన ప్రశ్న. తన మొహం మీద తనకే హక్కు. కానీ నేను అడిగి చూస్తాను, ఎందుకమ్మా అని. "అత్తగారి వైపు వాళ్లంతా తెల్లగా ఉంటారు", "మా ఆయన పక్కన తేలిపోతానేమో", "మా పిన్ని చూసి ఏదో ఒకటంటుంది." ఆ జవాబుల్లో ఆ అమ్మాయి కోరిక ఎక్కడుంది? అన్నీ ఎవరో ఒకరి నోటికి భయపడడమే. అప్పుడు సగం మొహానికి సొంత షేడ్, సగానికి అడిగిన లేత షేడ్ వేసి, కిటికీ దగ్గర అద్దం ఇస్తాను. ఏమీ మాట్లాడను. చాలామంది సొంత షేడ్ వైపు చూపించి "ఇది వేయండక్కా" అంటారు. అయినా వెలుగు కావాలంటే, కళ్ల కింద, నుదుటి మధ్య, ముక్కు దూలం మీద ఒక షేడ్ లేత కన్సీలర్ (మచ్చలు కప్పడానికి వాడే చిక్కటి క్రీము) పల్చగా తట్టి కలిపేస్తాను. రంగు మారకుండానే మొహం వెలుగుతుంది. ఇదీ చూశాక కూడా లేత షేడే కావాలంటే, నిర్ణయం ఆమెదే. కాకపోతే అది కళ్లతో చూసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

మేకప్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందు మీరు అడగాల్సినవి ఇవి. ట్రయల్ పగటిపూట చేస్తారా? ఏ కంపెనీ, ఏ నంబరు షేడ్ వేస్తున్నారో రాసిస్తారా? మెడ, చెవులు, వీపు కూడా కలిపి చేస్తారా? హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్ అని ప్యాకేజీ పేర్లు ఎన్ని చెప్పినా, ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పనివాళ్లకు డబ్బు కట్టకండి. ట్రయల్‌కి వదిన వస్తే మంచిదే, కానీ అమ్మాయి రంగు గురించి వ్యాఖ్యానాలు చేసే వాళ్లను ఆ రోజు ఇంట్లోనే ఉంచి రండి.

ఒకవేళ ముహూర్తం రోజున అద్దంలో చూసుకునేసరికి మొహం ఇప్పటికే తెల్లబడిపోయి ఉంటే, కంగారుపడి కడిగేయకండి, అంత టైము ఉండదు. మెడకు కూడా అదే తెలుపు పూయనివ్వకండి, చేతులు ఇంకా వేరుగా తేలతాయి. శుభ్రమైన స్పాంజిని తడిపి బాగా పిండి, మొహం అంతా నొక్కుతూ పై పొరను తీసేయమని చెప్పండి. తర్వాత మీ రంగు కంటే ఒక షేడ్ ముదురు ఫౌండేషన్ రెండు చుక్కలు అదే స్పాంజి మీద వేసి, దవడ అంచుల నుంచి లోపలికి, నుదుటి పై నుంచి కిందకు తట్టించుకోండి. ముదురు షేడ్ ఎవరి దగ్గరా లేకపోతే నీడలు గీయడానికి వాడే, మెరుపు లేని బ్రౌన్ కాంటూర్ పొడి పెద్ద బ్రష్‌తో పల్చగా తిప్పినా సరిపోతుంది. ఐదు నిమిషాల పని. బాసికం కట్టకముందే చేయించుకోండి, కట్టాక నుదుటి మీద స్పాంజి ఆడదు.